పూచీ పడిన మనిషి

ఇంకొకరి అప్పుకు పూచీ పడవద్దని బైబిల్లోని సామెతల గ్రంథం పదే పదే హెచ్చరిస్తుంది. తీర్చలేకపోతే కింద పరుచుకున్న పడక కూడా పోతుందని భయపెడుతుంది. అదే బైబిల్లో, చెరసాలలో ఉన్న అపొస్తలుడు పౌలు ఫిలేమోను అనే విశ్వాసికి చిన్న ఉత్తరం రాస్తాడు. నీ దాసుడైన ఒనేసిము నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేసుకో, నేను తీరుస్తానని సొంత చేతితో రాసిస్తాడు. విశ్వాసి ఈ రెండింటిలో దేన్ని పాటించాలి? మెంఫిస్ నగరంలో ఒక బ్యాంకు ఉద్యోగి బతుకును చూస్తే ఈ ప్రశ్న ఎంత బరువైనదో తెలుస్తుంది.

జిమ్ స్టీవర్ట్ 1930లో అమెరికాలోని టెనసీ రాష్ట్రంలో, మిడిల్టన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పగలు మెంఫిస్‌లోని ఫస్ట్ నేషనల్ బ్యాంకులో ఉద్యోగం, సాయంత్రాలు కంట్రీ సంగీతంలో ఫిడేలు. అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ ఇంకో బ్యాంకులో, యూనియన్ ప్లాంటర్స్‌లో పనిచేసేది. 1957లో అతను శాటిలైట్ అనే రికార్డు కంపెనీ పెట్టాడు. మంచి టేపు యంత్రం కొనడానికి డబ్బు చాలకపోతే అక్క తన ఇంటిని రెండోసారి తనఖా పెట్టి ఆంపెక్స్ యంత్రం కొనిచ్చింది. 1960లో మెక్‌లెమోర్ అవెన్యూలో మూతపడిన కాపిటల్ సినిమా హాలును అద్దెకు తీసుకున్నారు. మరుసటి ఏడు ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి కంపెనీకి స్టాక్స్ అని పేరు పెట్టారు. మిఠాయిలు అమ్మిన చోట ఎస్టెల్ రికార్డుల దుకాణం తెరిచింది. హాల్లో కుర్చీలు తీసేశారు గానీ నేల ఏటవాలు అలాగే ఉండిపోయింది. స్టాక్స్ పాటల నాదానికి ఆ వాలు కూడా ఒక కారణమంటారు.

నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ బళ్లు, హోటళ్లు వేరువేరుగా ఉన్న నగరం అది. ఆ హాలు లోపల మాత్రం బుకర్ టి. జోన్స్, స్టీవ్ క్రాపర్, అల్ జాక్సన్, డక్ డన్ ఒకే బృందంగా కూర్చుని వాయించారు. ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు. 1962లో మేకన్ నుంచి వచ్చిన ఒక బృందానికి కారు నడుపుకుంటూ ఓటిస్ రెడింగ్ అనే యువకుడు వచ్చాడు. చర్చి గాయకబృందంలో పాడి పెరిగినవాడు. ఆ బృందం రికార్డింగు అంతగా కుదరలేదు. చివర్లో అతనికీ ఒక అవకాశం ఇచ్చారు. స్టీవర్ట్ ఆ గొంతు విన్నాడు, రికార్డు చేశాడు. ముక్కూమొహం తెలియని మనిషిని నమ్మే ఆ గుణమే లేకపోతే స్టాక్స్ లేదు.

అదే గుణం ఒకసారి దెబ్బ తీసింది.

స్టాక్స్ రికార్డులను దేశమంతా పంపిణీ చేసింది న్యూయార్క్‌లోని అట్లాంటిక్ సంస్థ. మొదట్లో అంతా నోటిమాట మీద నడిచింది. 1965లో దాన్ని కాగితం మీద పెట్టారు. అట్లాంటిక్ తరఫున జెర్రీ వెక్స్‌లర్ మీద ఉన్న నమ్మకంతో స్టీవర్ట్ ఆ ఒప్పందాన్ని పూర్తిగా చదవకుండానే సంతకం చేశాడు. అట్లాంటిక్ పంపిణీ చేసిన రికార్డుల అసలు టేపులన్నీ అట్లాంటిక్‌వే అవుతాయని అందులో ఉంది. 1967లో అట్లాంటిక్‌ను వార్నర్ బ్రదర్స్-సెవెన్ ఆర్ట్స్ కొన్నాక, ఆ మాట అర్థం 1968లో బయటపడింది. అప్పటికి కొన్ని నెలల ముందే, 1967 డిసెంబరు 10న, విస్కాన్సిన్‌లో విమానం కూలి ఓటిస్ చనిపోయాడు. చనిపోయే కొద్ది రోజుల ముందు పాడిన పాట 1968లో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. ఆ గొంతు ఇక స్టాక్స్ ఆస్తి కాదు. ఆ ఏడాది ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపింది మెంఫిస్‌లోని లొరెయిన్ మోటెల్‌లో. స్టాక్స్ కళాకారులు రంగుభేదం లేకుండా కలిసి కూర్చుని పాటలు రాసుకున్న చోటు అదే.

అల్ బెల్ నాయకత్వంలో స్టాక్స్ మళ్లీ లేచింది. ఐజాక్ హేస్ పాటలు మోగిపోయాయి, 1972లో లాస్ ఏంజెలెస్‌లో వాట్‌స్టాక్స్ ఉత్సవం జరిగింది. ఆపైన అప్పులు పెరిగాయి. అప్పటికే తన వాటా అమ్మేసి పక్కకు తప్పుకోగలిగిన స్టీవర్ట్, కంపెనీని నిలబెట్టడానికి సొంత ఇంటిని తనఖా పెట్టాడు. యూనియన్ ప్లాంటర్స్, అంటే ఒకప్పుడు అక్క ఉద్యోగం చేసిన బ్యాంకే, అప్పుల కింద అంతా స్వాధీనం చేసుకుంది. 1975 డిసెంబరులో స్టాక్స్ దివాలాకు వెళ్లింది. స్టీవర్ట్ ఇల్లు పోయింది, కూడబెట్టిందంతా పోయింది.

అట్లాంటిక్ ఒప్పందం, ఈ తనఖా, రెండూ నమ్మకంతో చేసిన సంతకాలే. రెండూ నష్టమే తెచ్చాయి. అయినా రెండింటినీ ఒకే తప్పుగా లెక్కగట్టడం న్యాయం కాదు. రెండోసారి అతను పణంగా పెట్టింది తన ఇంటిని. సామెతల గ్రంథం అతన్ని అవివేకి అనవచ్చు, పౌలు మాత్రం అనడు. ఆ కాగితం మీద ఏం రాసి ఉందో, పోతే ఏం పోతుందో, ఎవరిది పోతుందో బ్యాంకులో పనిచేసిన అతనికి బాగా తెలుసు. తెలిసే ఇచ్చాడు.

మొదటి సంతకంలో పోయింది అతనొక్కడిది కాదు. ఓటిస్ గొంతు, గాయని కార్లా థామస్ గొంతు, ఆ నలుగురు వాద్యకారుల రాత్రింబవళ్ల శ్రమ ఆ టేపుల్లో ఉన్నాయి. వాళ్లెవరూ ఆ బల్ల దగ్గర లేరు. డిపాజిటుదారు సొమ్మును బ్యాంకు ఉద్యోగి ఎంత జాగ్రత్తగా చూస్తాడో, వాళ్ల పాటలున్న కాగితాన్ని అంత జాగ్రత్తగా చదవాల్సిన బాధ్యత అతనిది. ఎదుటివాడిని నమ్మడం పుణ్యమే కావచ్చు. కానీ పక్కన లేనివాడి సొత్తుతో ఆ పుణ్యం చేయడానికి ఏ మతమూ అనుమతి ఇవ్వదు. పౌలు కూడా ఒనేసిము బాకీని ఎఫెసు సంఘం ఖాతాలోనో కొరింథు సంఘం ఖాతాలోనో వేయమనలేదు, తన ఖాతాలో వేయమన్నాడు.

ఈ విమర్శకు ఒక జవాబు ఉంది. చదివి, అనుమానించి, బేరమాడే మనిషి కారు డ్రైవరును మైకు ముందు నిలబెట్టేవాడా? నమ్మే మనసును సగానికి కోసి వాడుకోగలమా? ఈ జవాబులో బలం ఉంది. అయినా మనుషుల్ని నమ్మడానికీ కాగితాన్ని చదవడానికీ వైరం లేదు. ఓటిస్‌ను నమ్మినవాడు ఓటిస్ కోసం ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ పేజీలు చదివి ఉండాల్సింది.

తర్వాత స్టీవర్ట్ ప్రచారానికి దూరంగా బతికాడు. స్టాక్స్ హాలును బ్యాంకు 10 డాలర్లకు ఒక చర్చికి ఇచ్చింది. 1989లో దాన్ని కూల్చేశారు. 2003లో అదే స్థలంలో మ్యూజియం వెలిసింది, పక్కనే సంగీత పాఠశాలలో ఆ చుట్టుపక్కల పిల్లలు నేర్చుకుంటున్నారు. 2018లో అతను తన ఫిడేలును ఆ మ్యూజియానికి ఇచ్చాడు, 2022 డిసెంబరులో 92 ఏళ్ల వయసులో చనిపోయాడు. తన ఇంటితో కట్టిన బాకీ అతని బతుకులోనే తీరిపోయింది. 1968కి ముందటి ఆ టేపులు మాత్రం ఇప్పటికీ వార్నర్ చేతిలోనే ఉన్నాయి. ఆ లెక్క అతని ఖాతాలో వేసుకుందామన్నా, అది పాడినవాళ్ల ఖాతాల్లో ఎప్పుడో పడిపోయింది.