కాయకమున దొరలిన దోషము

కొత్తపేటలో రోగము ముదిరినచో ఇంటివారు రోగిని అమలాపురమునకో, రాజమహేంద్రవరమునకో, ఇంకను పెద్ద ఆసుపత్రికో కొనిపోవుదురు. ప్రాణమును పరుని చేతిలో పెట్టుటకంటె గొప్ప విశ్వాసము లేదు. ఆ చేయి తప్పినచో ప్రశ్నించుట కృతఘ్నత యగునా?

పెద్ద ఆసుపత్రిలోను దోషము దొరలును. 1990లో హైదరాబాదు నిమ్స్‌లో ఇరువదేండ్ల ఇంజనీరింగు విద్యార్థికి శస్త్రచికిత్స జరిగెను. పరీక్షకై ముక్క తీయుటకే సమ్మతి యుండగా కణితినే తొలగించిరి. నడుము క్రింది భాగము చచ్చుబడెను. చక్రాల కుర్చీలో నుండియే అతడు తన వాదమును తానే వినిపించెను. 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారము విధించెను. న్యాయమునకు పందొమ్మిదేండ్లు పట్టినది!

అంతటి ఓర్పు అందరికి నుండదు. కనుకనే సంఘములు పుట్టినవి. 1998లో భార్యను కోల్పోయిన డాక్టర్ కునాల్ సాహా కోల్‌కతాలో స్థాపించిన 'పీపుల్ ఫర్ బెటర్ ట్రీట్‌మెంట్' అట్టిది. అడిగినవాడును వైద్యుడే యగుట గమనింపదగినది.

ధనము పోయిన ప్రాణమును తేదు. జరిగినది దాచక చెప్పవలెననియు, మరల జరుగరాదనియు కోరుటయే న్యాయము. కాయకమును పూజగా నెంచు మనము పూజలోని దోషమును దాచుదుమా? చేయి తప్పుట మానవసహజము. దానిని మరుగుపరచుట కాయకద్రోహము.

అట్లని ప్రతి మరణమునకు వైద్యుని నిందించుట, ఆసుపత్రిపై రాళ్లు రువ్వుట ధర్మము కాదు. సమ్మతిపత్రమును చదివి సంతకము చేయుడు, చీటీలను భద్రపరచుడు, నెమ్మదిగా నడుగుడు. నేటి మీ ప్రశ్న రేపటి రోగికి రక్ష.