చెవిన పడని మాట

గోదారి మీద తీసిన సినిమాల్లో అందమైన సీన్లకి కరువేముంది! బాపు 1973లో ‘అందాల రాముడు’ లాంచీ ఎక్కించి ప్రేక్షకుల్ని భద్రాచలం దాకా తీసుకెళ్లారు. కొబ్బరితోటల మీదుగా కెమెరా సాగితే మా అమలాపురంలో ఇప్పటికీ ఈలలే. కానీ నా మనసులో పాతుకుపోయిన సీన్లు వేరు. వాటిలో ఒకరి మాట ఇంకొకరికి అందదు. రెండు గట్లూ కనిపిస్తూనే ఉంటాయి, మధ్యలో నీళ్లు.

1964లో ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘మూగమనసులు’నే తీసుకోండి. పడవ నడిపే గోపి తన పడవెక్కే అమ్మాయిగారికి రోజూ ఓ పువ్వు ఇస్తాడు. అంతే. నాగేశ్వరరావు మొహంలో అడగడం ఉండదు, ఇచ్చిన సంతోషమే ఉంటుంది. సావిత్రి కళ్లలో వెలుగు చూశారా? ప్రేమ అని పేరు పెట్టడానికి ఇద్దరికీ ధైర్యం లేనిదేదో ఆ పువ్వుతో పాటు చేతులు మారుతుంది. ఆదుర్తిగారే 1967లో ‘మిలన్’ పేరుతో దాన్ని హిందీకి తీసుకెళ్లారు. అయినా ఆ పువ్వు పూసింది మన గోదారి రేవులోనే!

ఇక ‘రంగస్థలం’. తీసిన సుకుమార్‌ది రాజోలు దగ్గర మట్టపర్రు. 2018లో ఆ సినిమా వచ్చినప్పుడు తెర మీద ఊరిని చూసి, ఇది ఏ లంకలో తీశారని మావాళ్లు వాదులాడుకున్నారు. ఆర్ట్ డైరెక్టర్లు రామకృష్ణ, మోనిక ఆ ఊరిని హైదరాబాద్‌లో సెట్టు వేశారంటే ఎవరు నమ్ముతారు?

అందులో హీరో చిట్టిబాబు చేలకి నీళ్లు తోడే ఇంజను నడుపుతాడు. ఊళ్లో అందరూ సౌండింజనీరంటారు. చెవులు మాత్రం సరిగ్గా వినపడవు. ఎదుటివాళ్లు అన్నది ఒకటి, వాడికి తోచింది ఇంకొకటి. మొదటి సగమంతా ఆ చెవుడు మనల్ని కడుపుబ్బ నవ్విస్తుంది. తర్వాత అదే చెవుడు గుండె కోస్తుంది. ఊరి ప్రెసిడెంటుకి ఎదురు నిలబడ్డ అన్న కుమార్‌బాబు తమ్ముడి చేతుల్లో ప్రాణం వదులుతూ ఏదో చెబుతాడు. అది చిట్టిబాబు చెవిన పడదు. రామ్‌చరణ్ ఆ క్షణంలో పసివాడైపోతాడు. వినికిడి లేనివాడి కథకి శబ్దాన్ని అంత శ్రద్ధగా కూర్చిన రాజాకృష్ణన్‌కి జాతీయ అవార్డు రావడం ఎంత సబబు!

ఆ తర్వాత, స్పృహలేని రాజకీయ నాయకుడు దక్షిణామూర్తి మంచం పక్కన చిట్టిబాబు చేసే సేవ. తల్లి కూడా అంత ఓపిగ్గా చెయ్యదేమో. ఎప్పుడు కళ్లు తెరుస్తాడా అని మనమూ అతనితో పాటు కాచుకుంటాం. తీరా తెరిచాక తెలుస్తుంది, ఆ మనిషిని బతికించుకున్నది ఎందుకో. రెండోసారి చూసేటప్పుడు ఆ సేవలో ప్రతి సీనూ కొత్తగా భయపెడుతుంది, అంతకు మించి ఏడిపిస్తుంది. సుకుమార్ మా రాజోలువాడని నేను ఎక్కడున్నా గట్టిగానే చెప్పుకుంటాను, ఆయ్!