ఆగిన బండి, ఆగని పొగ

ఆపిన బండిలో ఇంజన్ ఆపకపోవడం హింసేనా? వేములవాడ రాజన్న గుడి దగ్గర భక్తుల కోసం ఏసీ వేసి ఉంచిన కారు పొగను పీల్చేది పక్కన కొబ్బరికాయలు అమ్మే మనిషి. డ్రైవరుకు చెడు ఉద్దేశం లేదు. అయినా జైన ధర్మం అజాగ్రత్తనే హింసకు మూలంగా లెక్కిస్తుంది. 10వ శతాబ్దంలో కరీంనగర్ దగ్గరి కురిక్యాల బొమ్మలగుట్టపై జైనుడైన జినవల్లభుడు శాసనం వేయించిన నేల ఇది. ఆ మాట ఇక్కడ పరాయిది కాదు.

మరి ధర్మం ఉండగా చట్టమెందుకు? పొగ పీల్చేవాడు ఎదుటివాడి మంచితనం కోసం ఎదురుచూడాల్సి రావడమే అన్యాయం గనుక. పర్యావరణాన్ని కాపాడటం, ప్రాణుల పట్ల దయ చూపడం పౌరుల విధి అని 1976లోనే 42వ సవరణ రాజ్యాంగంలో చేర్చింది. కానీ విధిని గుర్తుచేసినంత మాత్రాన ఇంజన్లు ఆగవు. అందుకే చట్టం కావాలని అడగాలి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఎవరైనా రాష్ట్రంలో వాడే ఏ భాషలోనైనా ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవచ్చు. ఆదిలాబాద్ గూడేల నుంచి గోండిలో రాసినా అది చెల్లుతుంది.