కుట్టిన గుడ్డ

మా నాయన పోయిన పదకొండో రోజు, పలమనేరులో ఇంటి ముందు వేసిన పందిట్లో, దూరపు చుట్టం ఒకాయన నా పక్కన కూచుని ఆ మాట అన్నాడు. ఎవరింట్లో ఎవరు పోయినా ఎవరో ఒకరు అనే గీతలోని మాటే. చినిగిన బట్ట విడిచేసి కొత్త బట్ట కట్టుకోవడం లాంటిది, దానికి ఏడవకూడదు, అని. నేను తలూపాను. ఊపానే గానీ అప్పట్నుంచి ఆ మాట కంట్లో నలుసై కూచుంది. చెప్పినాయన తప్పేమీ లేదు. చెప్పిన ఇల్లే తప్పు. నాయన అరవై ఏళ్లు మిషను తొక్కినవాడు. నేను బెంగుళూరులో విమానాల రెక్కలకు గుడ్డ తొడిగి బతికినవాణ్ని. గుడ్డ సంగతి మాకా చెప్పేది?

విమానానికి గుడ్డేమిటని ఇప్పటికీ అడుగుతారు. డెబ్భైల చివర నేను పనిలో చేరిన షెడ్డులో ఉన్నవి పుష్పక్‌లు. ఇప్పటి హెచ్.ఏ.ఎల్. అవి పుట్టినప్పుడు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్. వాళ్లే బెంగుళూరులో తయారుచేశారు. మొదటిది 1958 సెప్టెంబరు 28న ఎగిరింది. మొత్తం 160 దాకా కట్టారు. 90 గుర్రాల ఇంజను, పక్కపక్కన రెండు సీట్లు. రామాయణంలో పుష్పకానికి ఎందరెక్కినా ఇంకొకరికి చోటుంటుందంటారు. దీంట్లో ఇద్దరు కూచుంటే మూడోవాడి టిఫిను డబ్బాకు కూడా చోటు వెతుక్కోవాలి. లోపల చట్రం, మీద గుడ్డ. ఫ్లయింగు క్లబ్బుల్లో కుర్రాళ్లు ఎగరడం నేర్చుకున్నది ఆ గుడ్డ మీదే.

గుడ్డ విమానం మాకు మరీ దూరపు ముచ్చట కూడా కాదు. 1910లో మద్రాసులో హోటలు నడుపుకునే డాంజెలిస్ అనే ఆయన, గుర్రబ్బళ్లు కట్టే సింప్సన్ కంపెనీ చేత సొంతానికి ఒక విమానం కట్టించుకుని ఎగిరాడు. అప్పటికి పలమనేరు ఇంకా ఉత్తర ఆర్కాటులోనే ఉంది. చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. మా జిల్లా కన్నా ఆ విమానమే పెద్దది.

చేరిన మొదటి రోజు నాకిచ్చిన పని గుడ్డ కొయ్యడం. పాత రెక్క ఒకటి బల్లల మీద పెట్టారు. మేస్త్రీ ముళబాగిలు వైపు తెలుగాయన. కత్తి చేతికిచ్చి, రిబ్బు పక్కనే గీసుకుంటూ పో అన్నాడు. గుడ్డ పెళపెళమంటూ ఊడివచ్చింది. లోపల చూస్తే చేప తినేశాక మిగిలిన ముల్లులా పొడుగునా స్పార్లు, పక్కటెముకల్లా రిబ్బులు, అడ్డంగా తీగలు. ఇంతేనా, అని నవ్వొచ్చింది. మేస్త్రీకి నచ్చలేదు. "పీనుగను చూసినట్ల చూడద్దురా. గుడ్డ ఎక్కినాక చూడు" అన్నాడు.

ఎక్కించడమే అసలు పని. నూలుగుడ్డను దిండు గలీబులా కుట్టి రెక్కకు తొడుగుతాం. పొడుగాటి సూదికి మైనం రాసిన దారం ఎక్కించి, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, ఒక్కో రిబ్బును చుట్టి ముడేసుకుంటూ పోతాం. ప్రొపెల్లరు గాలి తగిలే చోట కుట్లు ఇంకా దగ్గరగా పడాలి. ఒక్క ముడి వదులైతే గుడ్డ రిబ్బు మీంచి లేస్తుంది, లేస్తే రెక్క ఆకారమే పోతుంది. కుట్ల మీద పంటి అంచు టేపు. ఆ తర్వాత డోపు.

డోపు గురించి తెలిసిన రోజున నేను అన్నం సరిగా తినలేదు. అది కూడా నూలేనట. దూదిని నత్రికామ్లంలో నానబెట్టి, థిన్నర్లలో కరిగిస్తే వచ్చే పాకం. నూలు మీద నూలునే పూస్తున్నామన్నమాట. అదే దూదికి ఆమ్లం ఇంకాస్త పట్టిస్తే తుపాకిమందు. నీలగిరుల్లో అరువంకాడు కార్డైటు ఫ్యాక్టరీలో చేసేది ఆ తోవలో పోయే సరుకే. షెడ్డంతా మాగిన అరటిపండు వాసన, మూలన ఇసక బకెట్లు. తుంపర పడే రోజున పూస్తే తేమ పట్టి పాలు ఒలికినట్టు తెల్లటి మచ్చలొస్తాయి, అంతా మళ్లీ మొదటికి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి డోపులో కలిపిన ఒక ద్రావకం వల్ల ఇంగ్లండులో పూసే పనివాళ్లకు కామెర్లు కమ్మి కొందరు చచ్చిపోయారని మేస్త్రీ చెప్పేవాడు. విమానానికి ఒళ్లు ఇచ్చి తమ ఒళ్లు పోగొట్టుకున్నారు.

డోపు ఆరేకొద్దీ గుడ్డ లోపలికి లాక్కుంటుంది. సాయంత్రం వదులుగా వేలాడినది తెల్లారేసరికి బిర్రబిగిసి ఉంటుంది. వేలితో కొడితే ఢక్‌మంటుంది. జాతరకు ముందు పలకలవాళ్లు ఎండుగడ్డి మంట చుట్టూ నిలబడి పలకలు వెచ్చబెట్టుకోవడం చిన్నప్పట్నుంచి చూసినవాణ్ని. ఆ ఢక్ నాకు కొత్త కాదు. మొదట వచ్చే పలక మోత చల్లారిన గొంతు. మంట తగిలాకే అది గంగమ్మకు వినబడుతుంది.

ఒకసారి నాయన చూడ్డానికి వచ్చాడు. పలమనేరులో తెల్లవారుజాము బస్సెక్కి, కోలారు మీదుగా, భుజాన అవ్వ కట్టిచ్చిన రాగిసంగటి మూటతో. షెడ్డులో ఆయన ఇంజను వైపు చూడనే లేదు. తిన్నగా రెక్క దగ్గరికెళ్లి, ఇంకా డోపు పడని చోట కుట్టును గోటితో గీకాడు.

"కుట్టు ఎవురిది?"

"నాదే నాయనా."

బాగుందనలేదు, బాలేదనలేదు. బజార్లో ఎవరి చొక్కా చూసినా ఆయన అంతే. డోపు ఆరిన రెక్క దగ్గరికొచ్చి వేలితో కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

"పలక మాదిరి ఉండాదే. దీన్ని విప్పేస్తే లోపలుండేది ఎగరదా?"

"ఎగరదు."

"వట్టి గుడ్డ?"

"అదెట్ల ఎగురుతుంది నాయనా?"

"మరి ఎగిరేది ఏందిరా?"

రెండూ కలిస్తే, అన్నాను. ఆయన నవ్వాడు. "రెండిటినీ కలిపేది కుట్టు గదా" అన్నాడు, మిషను తొక్కేవాడి పొగరుతో. ఆకలేస్తోందని మూట విప్పాడు. ఆ మాట అక్కడితో అయిపోయింది.

అయిపోయిందనే అనుకున్నాను, పందిట్లో చుట్టం నోరు విప్పేదాకా. ఆ పాత పోలికతో నాకున్న తగాదా ఇది: బట్ట విడిచినా కట్టుకునేవాడు నిండుగా ఉంటాడన్నది దానికి ఆధారం. మా షెడ్డులో అలా ఉన్నవాణ్ని నేను చూడలేదు. గుడ్డ విప్పిన రెక్క, ఎగరడం తెలిసి ఊరికే కూచున్న రెక్క కాదు. దానికి ఎగరడమే రాదు. గాలి ఒత్తిడిని ముందు పట్టుకునేది గుడ్డ. చట్రం దాన్ని మోస్తుంది, అంతే. లోపల దాగినది అసలుదనీ పైనున్నది తొడుగనీ ఎవరు చెప్పారో, వాళ్లు ఎప్పుడూ ఏదీ కుట్టి ఉండరు. నాయన బతికుంటే ఇంకోటి కూడా అనేవాడు: ఆ మాట పుట్టిన కాలంలో కట్టుకునేది కుట్టని గుడ్డే కదా, పంచె ఎవరికైనా చుట్టవచ్చు అని. కుట్టినది అలా కాదు. నాలుగేళ్లు తొడిగిన చొక్కాను బల్ల మీద పరిస్తే, ఎవరి మెడ ఎటు వంగుతుందో, ఎవరు ఏ భుజాన మూట మోస్తారో నాయన చెప్పేవాడు. మనిషి లేకపోయినా మోచేతి దగ్గర మనిషి మిగిలే ఉంటాడు.

అయితే నా తగాదా నాకే ఎదురు తిరుగుతుంది. నేను గుడ్డ మార్చిన విమానాలన్నీ మళ్లీ ఎగిరాయి. అదే వీటీ రిజిస్ట్రేషను నంబరు, అదే లాగ్‌బుక్కు. పైలట్లు వచ్చి ఎక్కి, పాతదే, ఏం మారలేదు, అనేవాళ్లు. చుట్టం చెప్పిందే నిజమైతే నేనెందుకు ఉడుక్కోవాలి? పైగా ఎప్పుడు మార్చాలన్నదానికి మా దగ్గర లెక్క కూడా ఉంది. కొత్త నూలుగుడ్డ అంగుళం వెడల్పుకు 80 పౌండ్ల లాగుడు ఓర్చుకోవాలి. 56కు దిగితే విప్పేయాలి. జీర్ణమంటే ఎంత అని గీతలో చెప్పలేదు. మేం చెప్పగలం. గుడ్డను తినేది ఎండ. అందుకే రంగుకు ముందు అల్యూమినియం పొడి కలిపిన సిల్వరు డోపు పూస్తాం, ఎండ లోపలికి దిగకుండా. పైన ఎరుపూ తెలుపూ నిగనిగలాడుతుంటాయి, గుడ్డ బలం చూసే స్ప్రింగు ముల్లు పెట్టి నొక్కితే పుసుక్కున లోపలికి దిగుతుంది. రంగు మీద రంగు వేసి బాగుచేశామనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పాత డోపు గుండ్రంగా పగులుతుంది. దాన్ని ఇంగ్లీషువాళ్లు తామర అనే పిలుస్తారు. దాని మీద కొత్త రంగు తామర మీద పౌడరే.

చనిపోయినప్పుడు నాయనకు ఎనభై దాటాయి. ముల్లు పెట్టి నొక్కాల్సిన పని లేదు, చూస్తేనే తెలిసేది. అయినా వారానికి ఒకటో రెండో చొక్కాలు కుట్టేవాడు.

పోయినేడు బెంగుళూరు శివార్లలో ఒకాయన పాత గుడ్డ విమానం ఒకటి కొని బాగుచేసుకుంటూ నన్ను రమ్మన్నాడు. ఇప్పుడు నూలు లేదు. పాలిస్టరు. డోపుతో బిగించక్కర్లేదు, ఇస్త్రీపెట్టె చాలు. 121 డిగ్రీల దగ్గర ఒకసారి, 177 దగ్గర ఇంకోసారి రుద్దితే దానికదే ముడుచుకుంటుంది. రెక్క మీద ఇస్త్రీపెట్టె నడుపుతుంటే నాయన బొగ్గుల పెట్టె గుర్తొచ్చింది, నవ్వొచ్చింది. చివర్లో తోక చుక్కానికి విమానం కొన్నాయన ముచ్చటపడి ఇంకో కోటు రంగు వేయించాడు. గీకించేశాను. చుక్కాని వెనకంచున బరువు పెరిగితే తూకం తప్పుతుంది. వేగంలో అది వణకడం మొదలైతే తోక ఊడేదాకా ఆగదు. రంగు అలంకారమనుకునేవాళ్లకు ఆ ఒక్క కోటు చూపించాలి. ఇంతాచేసి అది పాత విమానమేనా? నూలు పోయింది, డోపు పోయింది, రంగు మారింది. నేను వేసిన ముడులు మాత్రం మేస్త్రీ నేర్పినవే, ఆయనకెవరో నేర్పినవే. ఢక్‌మని కొట్టి చూశాను. బిగువే ప్రాణమేమో, గుడ్డా కాదు, చట్రమూ కాదు, రెండిటి మధ్య లాగుడు అనుకున్నాను. బస్సెక్కి దారంతా అదే తలకెక్కించుకుని, టీ తాగుతూ వదిలేశాను. పత్రికలో రాసుకోవడానికి బాగుంటుంది గానీ, బిగువు ప్రాణమైతే వదులైనప్పుడు ప్రాణం ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. బిగువు లేదంతే. ఆ జవాబు పట్టుకుని ఎవరి పందిట్లోనైనా కూచోగలనా?

నాయన పోయిన పదమూడో రోజున పందిరి విప్పుతుంటే, పాలకేంద్రం దగ్గర పనిచేసే ఒకాయన వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అడగలేక అడిగాడు, తన చొక్కా ఏమైందని. మా ఊళ్లో పోయినవాళ్ల బట్టలు చాకలికి ఇచ్చేస్తాం. నాయనవి అప్పటికే ఇచ్చేశాం. మిషను మీద సగం కుట్టిన ఈ చొక్కా మాత్రం ఎవరికీ గుర్తు లేదు. రెండు ముందు ముక్కలు, వీపు, కాలరు కుట్టి ఉన్నాయి. చేతులు విడిగా ఉన్నాయి. చాకుపీసు గుర్తులు నాయనవే. రేపు రమ్మన్నాను. ఆ రాత్రి దీపం పెట్టుకుని చేతులు కుట్టాను. రెక్కలు కుట్టిన చెయ్యి కదా, లాగి కుట్టినట్టున్నాను.

మర్నాడు ఆయన వచ్చి మా ముందే తొడుక్కుని, చెయ్యెత్తి చూసుకున్నాడు.

"చంకలో కొంచెం బిగువుండాది సామీ."

"ఇట్లియ్యండి, వదులు చేస్తాను" అన్నాను.

ఆయన చెయ్యి దించి, మళ్లీ ఎత్తాడు. "వద్దులే, ఉండనీ. మీ నాయన గూడా మొదట్లో ఇట్లే కుట్టిస్తావుండె" అని గుండీలు పెట్టుకుంటూ మెట్లు దిగాడు.