పగయా, కర్తవ్యమా?

గూఢచారి జేమ్స్ బాండు ప్రేమించిన వెస్పర్, 2006 నాటి 'కాసినో రాయల్' చిత్రమున మరణించెను. 2008లో వచ్చిన 'క్వాంటమ్ ఆఫ్ సొలేస్'లో నాతనిని నడపినది ఆమెకై పగయా, ఉద్యోగధర్మమా? ఆమెను వంచించిన యూసెఫ్ కడపట కజాను నగరమున చేజిక్కినను, బాండు చంపక ప్రభుత్వమున కప్పగించెను. కావున ధర్మమే గెలిచినదని పలువురందురు. మేమంత సులభముగా నొప్పుకొనజాలము. బొలీవియా జలములను కాజేయజూచిన గ్రీను, అడిగిన రహస్యములు చెప్పెను గదా! అట్టివానిని ఎడారి నడుమ దింపి, దాహమునకు ఇంజను నూనె డబ్బా నిచ్చిపోవుట ఏ ప్రభుత్వము విధించిన పని? చంపుటకన్న నిది మర్యాద యని తలచెను కాబోలు. భాగవతమున అశ్వత్థామను విడువుమని కొడుకులను గోల్పోయిన ద్రౌపదియే వేడెను. వేడుటకు వెస్పర్ లేదు. యూసెఫును విడిచిన పిదప బాండు ఆమె కంఠహారమును మంచులో జారవిడిచెను. ఆ పని ఆతనికెవ్వరును చెప్పలేదు.