టీకాకుఁ దాత్పర్యము

టీకా యను మాట మనకు రెండు తావులలో వినఁబడుచున్నది. పండితుని యింట నది కావ్యమునకు వ్రాసిన వ్యాఖ్య. వైద్యుని యింట నది భుజమునకు వేయు సూదిమందు. ఈ రెంటికిని చుట్టఱికము కలదో లేదో శాబ్దికులు తేల్తురుగాక. టీకా యన్నంతనే తాత్పర్యమను మాట వెంట వచ్చుట మనకలవాటు. పద్యము చదివి తాత్పర్యము చెప్పని గురువు సగమే చెప్పినవాఁడు. సూది వేసి దాని తరువాతి జాగ్రత్తలు చెప్పని వైద్యుఁడును సగమే చేసినవాఁడు. అయినచో నా తాత్పర్యమును ఏ భాషలోఁ జెప్పవలెను? చెప్పువానికి వచ్చిన భాషలోనా, వినువానికిఁ దెలిసిన భాషలోనా? ప్రశ్న చిన్నదిగానే కనఁబడును; కాని విడఁదీసిన కొలఁదిని ధర్మసూక్ష్మములు పెక్కు బయలుపడుచున్నవి.

ఈ ప్రశ్న నాకుఁ దోఁపించినది మా బంధువులలో నొక యువతి. ఆమె తెలుఁగునాట జన్మించి, అమెరికా సంయుక్తరాష్ట్రములలోని టెక్సాసునందొక మందులశాలలో ఫార్మసిస్టుగాఁ బనిచేయుచున్నది. ఆ దేశమున టీకాలు వైద్యశాలలలోనే గాక మందులశాలలలోను వేయుదురు. ఇంటిలో స్పానిషు మాటలాడుకొనువారు ఆ దేశమున నాలుగు కోట్లకుఁ బైఁబడి యున్నారు. టెక్సాసు మెక్సికోకు సరిహద్దగుటచే నచట వారు మఱియు మెండు. వారిలోఁ బెక్కండ్రకు ఇంగ్లీషు చక్కఁగా వచ్చును. రానివారును లక్షలకొలఁది కలరు. తోఁటలలోఁ బండ్లు కోయువారు, ఇండ్లు కట్టువారు, భోజనశాలలలో వంటపాత్రలు కడుగువారు, మనుమలను బెంచుచు నింటిపట్టున నుండు అవ్వలు వీరిలోఁ గలరు. వీరితో రెండు మాటలు చెప్పలేక చేతిసైగలతోఁ గాలము గడపుట సిగ్గుగాఁ దోఁచి, మా యువతి స్పానిషు నేర్చుకొనఁ బూనినది.

ఆమె నేర్వఁదలఁచినది కావ్యభాష కాదు. టీకా వేయించుకొన్నవారికిఁ జెప్పవలసిన జాగ్రత్తలు మాత్రమే. అవి యెన్నియో లేవు. సూది వేసినపిదపఁ బదునేను నిమిషములు కూర్చుండవలెను. ఏలయన, కొందఱు, అందును పడుచువారు, కన్నులు తిరిగి పడి తలకు దెబ్బ తగిలించుకొందురు. చేయి నొచ్చును, ఒకటి రెండు దినములు జ్వరమును, ఒడలినొప్పులును రావచ్చును. చల్లని తడిగుడ్డ వేయవలెను, చేతిని కదల్పుచుండవలెను, నీరు చాలఁగఁ ద్రాగవలెను. దద్దురులు లేచినను, ముఖమో గొంతుకో వాచినను, ఊపిరి సలుపకున్నను, క్షణమాలస్యము చేయక 911 సంఖ్యకు టెలిఫోను చేయవలెను. తట్టు, గవదబిళ్లలు, రూబెల్లా యను మూఁడింటికిఁ గలిపి వేయు టీకాను గర్భిణులకు వేయరాదు. వేయించుకొన్న స్త్రీ యొక నెలవఱకు గర్భము రాకుండఁ జూచుకొనవలెను. ఆటలమ్మ టీకా వేసిన బిడ్డలకు ఆఱు వారములు ఆస్పిరిను ఈయరాదు. జ్వరమునకు 'ఫియేబ్రె', నొప్పికి 'దోలోర్', చేతికి 'బ్రాసో', టీకాకు 'వకూనా' యని యామె రెండు నెలలలో నిన్నియు వల్లించినది. 'వాకా' యనఁగా నా భాషలో నావు. మశూచికమునకు మొదటి టీకా ఆవులకు వచ్చు పొక్కుల రసమునుండియే పుట్టినది గదా!

ఒకనాఁడొక వృద్ధురాలు టీకాకై వచ్చినది. "ఇంతకుమున్ను సూది వేయించుకొన్నపు డేమైన బాధ కలిగెనా?" యని మా యువతి స్పానిషులో నడిగినది. ఉచ్చారణము బాగుగానే యున్నది కాఁబోలు. అవ్వ ముఖము వికసించినది. తన భాష యెఱిఁగినవారు దొరకిరన్న సంతోషముతో నామె గడగడ నేమేమో చెప్పుకొనిపోయినది. మా యువతి 'సీ, సీ' యనుచు గంగిరెద్దువలెఁ దల యూఁపినది. సూది చేతఁబట్టునప్పటి కామె మనస్సు చివుక్కుమన్నది. "నేనడిగితిని, ఆమె చెప్పినది, నాకుఁ దెలిసిన దేమి?" సూదిని క్రిందఁబెట్టి, టెలిఫోనులో దుబాసీని బిలిపించినది. నిరుడు సూది వేయించుకొని యింటికిఁ బోవుచు నవ్వ మెట్లమీఁదఁ గన్నులు తిరిగి పడినదట! ఆ సంగతి చెప్పఁబోయిన చోటనెల్ల వారును దల యూఁపి పంపివేసిరట! ఆనాఁ డవ్వను బరుండఁబెట్టి టీకా వేసి, పదునేను నిమిషములు కనిపెట్టి యుండి, చేయి పట్టి లేవనెత్తి పంపిరి.

"నాకు స్పానిషు బొత్తిగా రాకున్నచో మొదటనే దుబాసీని బిలిచియుందును, కొంచెము వచ్చుటచేతనే యవ్వ కపాయము కలుగఁబోయినది" అని మా యువతి నాకు వ్రాసినది. ఈ వాక్యము నన్నుఁ బలుదినములు విడువలేదు. మంచిపనికై నేర్చిన విద్యయే కీడునకు దారితీయు నెడల, ఆ విద్య నేర్వవలెనా, మానవలెనా?

మొట్టమొదట, నేర్వనక్కఱ లేదనువారి వాదము విందము. "వలసవచ్చినవాఁ డా దేశభాష నేర్చుకొనవలెను గాని, ఆ దేశపు వైద్యుఁడు వచ్చినవాని భాష నేర్చుకొనుట యేమి న్యాయము?" అని వారందురు. భాష నేర్చినచో వలసవచ్చినవానికే మేలనుట నిజము. కాని రోగము వాని వ్యాకరణము పూర్తియగువఱకు నాఁగునా? పగలెల్ల పొలములో వంగి పనిచేసినవాఁడు రాత్రి పాఠశాలకుఁ బోవుట యెన్నిదినములు సాగును? సూది పట్టినవాఁడు వైద్యుఁడు. ప్రమాద మెఱిఁగినవాఁడును వైద్యుఁడే. ఎఱుక గలవానిమీఁదనే యెఱింగించు భారము నిలుచును. వినువానికి బోధపడని హితవు చెప్పినట్లు లెక్కలోనికి రాదు. చెప్పితి ననిపించుకొనుటకుఁ జెప్పుట తన రక్షణకే గాని రోగి రక్షణకుఁ గాదు.

ఆ దేశపు శాసనములును ఈ ధర్మమును గొంతవఱకుఁ బాటించినవి. 1964వ సంవత్సరపు పౌరహక్కుల శాసనము, ప్రభుత్వధనము గ్రహించు సంస్థ లేవియు జాతి వర్ణ జన్మదేశములను బట్టి యెవ్వరికిని లోపము చేయరాదని విధించినది. 2010వ సంవత్సరపు ఆరోగ్యశాసనము ననుసరించి వచ్చిన నిబంధనలు, రోగికి ధనము పుచ్చుకొనకయే తగిన దుబాసీని సమకూర్పవలెననియు, ఆపత్సమయమునఁ దప్పఁ బసిబిడ్డలచేత భాషాంతరము చేయింపరాదనియుఁ జెప్పుచున్నవి. 2025లో నా దేశాధ్యక్షుఁడు ఇంగ్లీషే రాజభాష యని యుత్తరువు చేసి, దుబాసీల సౌకర్యమునుగూర్చి 2000లో వెడలిన యుత్తరువును రద్దుపఱిచెను. పై శాసనములు మాత్ర మట్లే నిలిచియున్నవి. ఉత్తరువులు వచ్చుచుఁ బోవుచుండును. పదేండ్ల బాలునిచేత వాని తల్లిని "నీవు గర్భవతివా?" యని యడిగించుట మాత్ర మే యుత్తరువుక్రిందను మర్యాద కానేరదు.

ఇఁక రెండవ వాదము బలమైనది: "దుబాసీ యున్నాఁడు, చేతిలో నిమిడెడు యంత్రమును క్షణములో భాష మార్చుచున్నది. మిడిమిడి జ్ఞానము ప్రమాదము గదా, వైద్యుఁడు నేర్చుట యేల?" మిడిమిడి జ్ఞానము ప్రమాదమే, కాదనను. 'ఎంబరసాదా' యను స్పానిషు మాట వినఁగానే ఇంగ్లీషు వచ్చినవానికి 'సిగ్గుపడినది' యను నర్థము తోఁచును. దాని యర్థము 'గర్భవతి'. గర్భిణికిఁ గూడని టీకా వేయునపుడు ఈ యొక్కమాట పొరపాటే చాలును. దినమున కొకసారి యనుటకు ఇంగ్లీషున వ్రాయు నాలుగక్షరములనే స్పానిషు చదువరి చదివినచోఁ బదునొకటి యని యర్థమగును. 1980లో ఫ్లారిడాలో నొక పదునెనిమిదేండ్ల యువకుఁడు స్మృతి తప్పఁగా, అతనివారు 'ఇంతోక్సికాదో' యనిరి. తిన్నదేదో వికటించిన దని వారి భావము. వైద్యులు మత్తుమందు మితిమీఱినదని తలఁచి చికిత్సచేసిరి. నిజమునకు మెదడులో రక్తము స్రవించుచుండెను. అది తెలియునప్పటికి దినములు గడచిపోయి, అతని కాలుసేతులు నాలుగును శాశ్వతముగాఁ జచ్చువడెను. అక్కడ దుబాసీని బిలిచినవారు లేరు. కావలసినంత భాష తెలిసినదనియే యందఱు ననుకొనిరి.

దుబాసీ యున్నంతమాత్రానఁ గార్యము తీఱునా? 2003లోఁ బ్రకటింపఁబడిన యొక పరిశోధనలో, స్పానిషు కుటుంబముల బిడ్డలకు వైద్యము జరిగిన పదుమూఁడు సందర్భముల సంభాషణములను బరిశీలింపఁగా, సందర్భమునకు సగటున ముప్పదియొక్క తప్పులు భాషాంతరమున దొరలినవఁట! శిక్షణ లేని దుబాసీల తప్పులలోనే యపాయకరములు హెచ్చుగా నున్నవి. చెవిపోటునకు లోపలికిఁ బుచ్చుకొనవలసిన మందును రెండు చెవులలోఁ బోయుమని యొక తల్లికిఁ జెప్పఁబడెను. ఆ గదిలో వైద్యుఁడు స్పానిషు కొంచెమైన నెఱిఁగియుండినచో, 'చెవి' యను మాట విని యులికిపడియుండును గదా! వైద్యుఁడు నేర్చు కొలఁదిభాష దుబాసీని దొలఁగించుటకుఁ గాదు. దుబాసీమీఁద నొక కన్ను వేసియుంచుటకు.

కావున నేర్వవలసినదే, కాని యేమి నేర్వవలెనో యెఱిఁగి నేర్వవలెను. మొదట మర్యాద నేర్వవలెను. స్పానిషులో మన 'మీరు', 'నీవు' వలెనే 'ఉస్తేద్', 'తూ' యని రెండు గలవు. ఇంగ్లీషులో నీ భేదము లేదు; మన తెలుఁగువారి కది నేర్పనక్కఱలేదు. ముదుసలిని 'ఉస్తేద్' అని పిలుచుటలో సగము వైద్యమున్నది. భయము తీఱినవాఁడే తన బాధ దాఁపక చెప్పును. రెండవది, నాలుక కంటెఁ జెవికి హెచ్చుగా సాధన చేయవలెను. పదివాక్యములు వల్లించుట కష్టముగాదు. పదకొండవది యైన రోగి ప్రత్యుత్తరము ఏ పుస్తకమునను దొరకదు. విననేరని ప్రశ్న యడుగుట మోసమునకుఁ జెల్లెలు. మూఁడవది, జాగ్రత్తలు చెప్పి ముగించిన వెనుక "ఇంటికిఁ బోయి యేమి చేయుదురో నాకుఁ జెప్పుఁడు" అని రోగిచేతనే తిరిగి చెప్పించుకొనవలెను. "తెలిసినదా?" యని యడిగినచో నెవరైనను దల యూఁపుదురు. నాలుగవది యన్నిటికంటెను గొప్పది: "నాకుఁ దెలియలేదు" అను వాక్యమును ఆ భాషలో మొట్టమొదట నేర్చి, సిగ్గుపడక వాడవలెను.

స్పానిషు దేశములకు టీకా వెళ్లిన చరిత్రయు నిట్టిదే. 1803 నవంబరు 30వ తేదీని బాల్మిస్ అను వైద్యుఁడు స్పెయినులోని లా కొరూన్యా రేవునుండి యిరువదియిద్దఱు అనాథబాలురతో నోడ యెక్కెను. ఆ బాలుర భుజములనే పాత్రలుగాఁ జేసి, ఒకరి పొక్కునుండి వేఱొకరికి టీకారసము నెక్కించుచు సముద్రము దాఁటించెను. అనాథశిశువుల నట్లుపయోగించుట నేఁడు మనము మెచ్చము. కాని, యాతఁడు రసముతోఁ దృప్తి చెందక, టీకానుగుఱించిన ఫ్రెంచి గ్రంథమును స్వయముగా స్పానిషులోనికి మార్చి, ఆ ప్రతులను గూడ నోడలోఁ గొనిపోయెను.

చదువరులారా! ఇదంతయు దూరదేశపుఁ గథ యని తలఁపకుఁడు. అమెరికాలోని బిడ్డలను జూడఁబోయిన మన తలిదండ్రులు అక్కడి వైద్యుని యెదుట నా యవ్వవలెనే కూర్చుందురు. మనుమఁడు వచ్చీరాని తెలుఁగులో వారి నొప్పులకు వ్యాఖ్యానము చేయును. అది యటుండనిండు. మన యూళ్లలో వైద్యుఁడు తెలుఁగువాఁడు, రోగి తెలుఁగువాఁడు; నడుమ నున్న చీటి మాత్ర మింగ్లీషు. అక్కడ దుబాసీని బిలుచువారును లేరు. "అర్థమైనదా?" యని వైద్యుఁ డడుగును, "అయిన"దని రోగి తల యూఁపును, బయటికి వచ్చి మందులకొట్టు కుఱ్ఱవానిని "బాబూ, ఏమన్నారు?" అని యడుగును. పరభాష నేర్చి పరులకుఁ దాత్పర్యము చెప్పుచున్న మా యువతిని నేను మెచ్చుకొనుచున్నాను. మనభాషలో మనవారికిఁ దాత్పర్యము చెప్పుటకు మన కడ్డము వచ్చుచున్న దేమి?