మైల ఎవరిది?

ఫలానావాళ్ళకి ఒంట్లో బాగాలేదని తెలిస్తే చాలు, అరడజను బత్తాయిలు సంచీలో వేసుకుని బయల్దేరతాం మనం. వెళ్ళకపోతే మర్యాద కాదు. వెళ్ళి, మంచంమీదే కూర్చుని, నుదుటిమీద చెయ్యి వెయ్యకపోతే అసలది ప్రేమే కాదు! అలాంటి మనల్ని గుమ్మంలోనే ఆపేసే నర్సు రాక్షసిలా కనిపించిందంటే వింతేముంది?

ఆమధ్య మా పెద్దొదినకి కేన్సరు మందులు ఎక్కిస్తున్నప్పుడు వారంపాటు తోడున్నాను. ఆ మందులు కేన్సరు కణాలతోబాటు ఎముకల్లోని మూలుగనీ దెబ్బతీస్తాయి. క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు మైక్రోలీటరు రక్తంలో మామూలుగా 1500కి తగ్గకూడదు. 500 లోపుకి పడిపోతే ఇక కాపలా లేని ఇల్లే. పుండు పడినా చీము పట్టదు. దొంగ దూరినా కుక్క మొరగదన్నమాట! చాలాసార్లు జ్వరమొక్కటే ఆనవాలు. అందుకే 100.4 డిగ్రీలు చూపిస్తే అర్ధరాత్రయినా సరే, గంటలోగా యాంటీబయాటిక్ పడాలని నర్సుల ఆరాటం.

ఆ వార్డులో నర్సు వదిన దగ్గరికొచ్చిన ప్రతిసారీ చేతులు కడుక్కునేది. పూలు బయటే. జలుబు చేసిన చుట్టం ఎంత దగ్గరివాడైనా తలుపవతలే. "మడి మీ అమ్మతోనే పోయిందనుకున్నా. ఇక్కడ మళ్ళీ దాపురించిందేమిటే!" అంది వదిన.

నవ్వొచ్చింది గానీ, రెండూ ఒకటి కావు. మడి కట్టుకున్నావిడకి ఎదుటివాళ్ళే మైల. ఈ నర్సు అనుమానమంతా తన చేతులమీదే! 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు చెప్పిందీ ఇదే. శవాల్ని కోసిన చేతులతో పురుళ్ళు పోసి బాలింతల్ని చంపుతున్నది డాక్టర్లేననీ, క్లోరిన్ నీళ్ళతో చేతులు కడుక్కోమనీ అన్నాడు. చాలామంది పెద్ద డాక్టర్లకి ఆ మాట రుచించలేదు. నా చెయ్యే మైలని ఒప్పుకోవడం ఎవరికి మాత్రం తేలిక?

ఓ రాత్రి వదిన, తననెవరూ ముట్టుకోవడం లేదని ఏడ్చింది. నర్సు వేళ్ళసందులు కూడా రుద్ది కడుక్కుని, స్టూలు లాక్కుని, ఆవిడ చెయ్యి పట్టుకు కూర్చుంది. నావైపు తిరిగి, "మీరూ కడుక్కురండమ్మా. ఆ రెండో చెయ్యి ఖాళీగానే ఉంది" అంది.

కడుక్కుంటే సరిపోయింది కాబట్టి మా కథ సులువు. సరిపోకపోతే?

అమెరికాలో హ్యూస్టన్‌లో 1971లో డేవిడ్ వెటర్ పుట్టాడు. రోగాన్ని ఆపే శక్తి బొత్తిగా లేదు. అదే జబ్బుతో అంతకుముందే ఒక కొడుకుని పోగొట్టుకున్నారు ఆ తల్లిదండ్రులు. అందుకని పుట్టగానే వీణ్ణి క్రిములు చొరబడని ప్లాస్టిక్ గూట్లో పెట్టారు. గోడకి బిగించిన తొడుగుల్లోంచే తల్లి ఎత్తుకుంది, ఆడించింది. పన్నెండేళ్ళు! నయమవుతుందని 1983లో అక్క మూలుగ ఎక్కిస్తే, అందులో దాగిన వైరస్ కాటేసింది. 1984 ఫిబ్రవరిలో వాణ్ణి బయటికి తీశాకే ఆమె వట్టి చేత్తో తాకింది. పదిహేను రోజులకి పోయాడు.

అది బతుకేనా అని అడిగినవాళ్ళున్నారు. తొడుగు వేసుకున్న ఆ చేతుల్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పోనీ, వాడికేం లోటు జరగలేదందామా అంటే, అదీ రావడం లేదు.